ఈమాక్స్ తనంతట తానే రాసే సహాయ పాఠాన్ని బాగుచేయడం ఎలా: చిన్న ప్యాకేజీలు రాసేవారికి సమగ్ర మార్గదర్శి

"నా మోడ్ పేరు ఇచ్చి కంట్రోల్-హెచ్ ఎఫ్ నొక్కితే నేను రాయని పేరా ఒకటి కనిపిస్తోంది. అది ఎక్కడి నుంచి వచ్చింది? ఎలా తీసేయాలి?" ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ కోసం సరదాగా మైనర్ మోడ్‌లు (ఆన్, ఆఫ్ చేసుకోగల చిన్న అదనపు సౌకర్యాలు) రాసుకునేవారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. తీసేయనక్కర్లేదు. ఆ పేరా మోడ్‌ను ఆన్ చేయడం, ఆపడం ఎలాగో చెబుతుంది, అదీ తప్పులేకుండా. ఆన్ చేస్తే తెర మీద ఏమి మారుతుందో మాత్రం దానికి తెలియదు. అది చెప్పవలసింది మీరే. చాలా ప్యాకేజీల్లో ఆ పని జరగదు, యంత్రం రాసిన పేరాను చూసి డాక్యుమెంటేషన్ ఉందనుకుని వదిలేస్తారు.

ఒక మాట ముందే చెబుతాను. ఆజ్ఞల పేర్లను, కోడ్ పదాలను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అవి ఇంగ్లీషు అక్షరాలలోనే ఉండాలి. మెటా అంటే చాలా కీబోర్డులలో ఆల్ట్.

ఉదాహరణగా మొదటి నుంచి చివరి వరకు ఒకే మోడ్‌ను తీసుకుందాం: అక్షర-మోడ్. కర్సర్ ఉన్న పేరాలో తెలుగు అక్షరాలు ఎన్ని ఉన్నాయో మోడ్‌లైన్‌లో (విండో అడుగున ఉండే సమాచార పట్టీలో) చూపడమే దాని పని. కంప్యూటర్ లెక్కలో "స్త్రీ" ఆరు సంకేతాలు, మన లెక్కలో ఒక్క అక్షరం. ఆ తేడా కోసమే ఈ మోడ్ అనుకోండి.

## 1. మొదలుపెట్టే ముందు

- ఈమాక్స్ 28 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉండాలి. పొడవైన డాక్‌స్ట్రింగ్ (కోడ్‌లోనే రాసే సహాయ పాఠం) పంక్తుల గురించి బైట్ కంపైలర్ (కోడ్‌ను వేగంగా నడిచే రూపంలోకి మార్చే సాధనం) హెచ్చరించడం ఈ వెర్షన్‌తోనే మొదలైంది.
- మీ సొంత సెట్టింగులు లేని ఈమాక్స్ కావాలి. టెర్మినల్‌లో ఈమాక్స్ అని రాసి, పక్కన హైఫన్, పెద్ద క్యూ ఇస్తే సరిపోతుంది. మీ కీబైండింగులు, థీములు లేకుండా కొత్త వాడుకరికి ఏమి కనిపిస్తుందో అదే మీకూ కనిపించాలి.
- మీ ప్యాకేజీలో వాడుకరి కంటపడే పేర్ల జాబితా తయారుచేసుకోండి. మెటా-ఎక్స్ అప్రోపో (పేర్లు వెతికే ఆజ్ఞ) ఇచ్చి "అక్షర-" అనే ముందుభాగంతో వెతికితే ఆజ్ఞలు, ఐచ్ఛికాలు (వాడుకరి మార్చుకోగల సెట్టింగులు), హుక్‌లు (ఫలానా సమయంలో నడిచే ఫంక్షన్ల జాబితాలు) అన్నీ ఒకేచోట వస్తాయి. రెండు హైఫన్‌లు ఉన్న లోపలి పేర్లను ప్రస్తుతానికి వదిలేయవచ్చు.
- మీ ప్యాకేజీని ఇంతవరకు చూడని మనిషి ఒకరు. చివరి మెట్టు దగ్గర అవసరమవుతారు.

కోడ్ తెరిచి డాక్‌స్ట్రింగ్‌లు దిద్దడం ఇప్పుడే మొదలుపెట్టవద్దు. ముందు సహాయ బఫర్‌ను (సహాయం కనిపించే పేజీని) చదవండి. సోర్స్ ఫైలులో చక్కగా ఉన్న వాక్యం సహాయ బఫర్‌లోకి వచ్చేసరికి వేరే పొరుగువాక్యాల మధ్య పడి అర్థం మారిపోవచ్చు.

## 2. మీరు రాయనిది ఏదో గుర్తుపట్టండి

డిఫైన్-మైనర్-మోడ్ అనే మాక్రో (మన బదులు కోడ్ రాసిపెట్టే సాధనం) ఒక్కటి పిలిస్తే మూడు వస్తువులు పుడతాయి: ఒక ఆజ్ఞ, ఒక వేరియబుల్, ఒక హుక్. మూడింటికీ వేర్వేరు సహాయ పేజీలు ఉంటాయి. మూడింటినీ తెరిచి చూడాలి.

ఆజ్ఞ పేజీ. ఆర్గ్యుమెంట్ ఇస్తే ఏమవుతుందో మాక్రో తనంతట తానే రాస్తుంది. ఈ అలవాటు ఈమాక్స్ 27తో, అంటే 2020లో వచ్చింది. సారాంశం ఇది: వాడుకరి నేరుగా పిలిస్తే మోడ్ ఉన్న స్థితి నుంచి మారుతుంది. ప్రిఫిక్స్ సంఖ్య (ఆజ్ఞకు ముందు ఇచ్చే సంఖ్య) ధనాత్మకమైతే ఆన్, సున్నా లేదా రుణాత్మకమైతే ఆఫ్. లిస్ప్ (ఈమాక్స్ ప్యాకేజీలు రాసే భాష) కోడ్ నుంచి ఏ ఆర్గ్యుమెంటూ లేకుండా పిలిస్తే ఎప్పుడూ ఆన్. ఈ చివరి ముక్క చాలామందికి తెలియదు, కనుక ఆ పేరా ఉండడమే మేలు. కొన్ని వెర్షన్లలో మోడ్ అందమైన పేరు చివర "మోడ్" అని ఒకటి, దాని పక్కన మాక్రో జోడించే "మోడ్" మరొకటి కలిసి "అక్షర మోడ్ మోడ్" అని వస్తుంది. అది మీ తప్పు కాదు, దాన్ని దిద్దడానికి సాయంత్రాలు ఖర్చు చేయవద్దు.

వేరియబుల్ పేజీ. మోడ్ మొత్తం ఈమాక్స్‌కు వర్తించేదైతే, వేరియబుల్‌ను నేరుగా మార్చితే ఫలితం ఉండదని, కస్టమైజ్ (ఈమాక్స్ సెట్టింగుల తెర) ద్వారా మార్చాలని లేదా ఆజ్ఞను పిలవాలని ఒక హెచ్చరిక ఉంటుంది. ఇది బంగారం లాంటి వాక్యం. ఇనిట్ ఫైలులో (ఈమాక్స్ మొదలవగానే చదివే సెట్టింగుల ఫైలులో) వేరియబుల్‌కు విలువ ఇచ్చేసి "మోడ్ పనిచేయడం లేదు" అనేవారికి మీరు ఇవ్వవలసిన జవాబు అక్కడే ఉంది.

హుక్ పేజీ. మోడ్‌లోకి వెళ్లినా, బయటికి వచ్చినా ఈ హుక్ నడుస్తుందని, ముందుగా నిర్వచించకపోయినా ఇబ్బంది లేదని రెండు ముక్కలు. అంతకు మించి ఏమీ ఉండదు.

మేజర్ మోడ్‌ల (బఫర్‌కు ఒక్కటే ఉండే ప్రధాన మోడ్‌ల) సంగతి వేరు. డిఫైన్-డిరైవ్డ్-మోడ్‌కు డాక్‌స్ట్రింగ్ ఇవ్వకపోతే, ఫలానా మోడ్ నుంచి పుట్టిందని, కీమ్యాప్ (ఏ కీకి ఏ ఆజ్ఞో చెప్పే పట్టిక), సింటాక్స్ పట్టిక సొంతంగా ఉన్నాయని ఒక వంశవృక్షం రాసిపెడుతుంది. డాక్‌స్ట్రింగ్ ఇచ్చినా, అందులో హుక్ పేరు లేకపోతే హుక్ గురించి వాక్యం, కీమ్యాప్ ప్రస్తావన లేకపోతే కీల జాబితా చివర అతికిస్తుంది. మీరే ఆ రెండింటినీ ప్రస్తావిస్తే యంత్రం తప్పుకుంటుంది.

## 3. మొదటి పంక్తిని విడిగా రాయండి

అసలు శ్రమ ఇక్కడే పెట్టాలి. అప్రోపో ఫలితాలు చూపేది మొదటి పంక్తినే. కస్టమైజ్ బఫర్ కూడా ముందు ఆ పంక్తినే చూపి మిగతాది బటన్ వెనక దాస్తుంది. అంటే ఎక్కువమంది చదివేది అదొక్కటే.

నియమాలు కొన్నే:

- పూర్తి వాక్యం కావాలి, చివర పూర్ణవిరామం ఉండాలి.
- ఎలిస్ప్ (ఈమాక్స్ లిస్ప్) మాన్యువల్ సలహా ప్రకారం 74 అక్షరాలు దాటకూడదు. దాటితే అప్రోపో జాబితా చెదిరిపోతుంది.
- ఆ పంక్తిని మిగతా పాఠం నుంచి తెంపి చదివినా అర్థం కావాలి.

చెడ్డ మొదటి పంక్తి ఇలా ఉంటుంది:

> అక్షర మోడ్‌ను ఆన్ లేదా ఆఫ్ చేస్తుంది.

ఇందులో తప్పు లేదు. కొత్త సమాచారమూ లేదు. డాక్‌స్ట్రింగే ఇవ్వకపోతే మాక్రో కూడా సరిగ్గా ఇదే వాక్యం రాస్తుంది. యంత్రం రాయగలిగిన వాక్యాన్ని మనిషి మళ్లీ రాయడం ఎందుకు?

ఈమాక్స్‌తో వచ్చే ఆటో-ఫిల్-మోడ్‌ను చూడండి. దాని మొదటి పంక్తి, పంక్తులను తనంతట తానే విరిచే సౌకర్యాన్ని మార్చుతుందని చెప్పి, మోడ్ పేరును కుండలీకరణంలో పెడుతుంది. పని ముందు, పేరు వెనక. మనమూ అదే చేద్దాం:

> పేరాలోని తెలుగు అక్షరాల లెక్కను మోడ్‌లైన్‌లో చూపుతుంది (అక్షర మోడ్).

ఇప్పుడు ఎవరైనా "లెక్క" అనో "మోడ్‌లైన్" అనో వెతికినా దొరుకుతుంది. ఆజ్ఞ చేసే పనిని, ఆ పని ఎక్కడ కనిపిస్తుందో ఆ చోటును, రెండింటినీ ఒకే పంక్తిలో ఇరికించగలిగితే మిగతా డాక్‌స్ట్రింగ్ సగం రాసినట్టే.

## 4. మిగతా పాఠం: ఆన్ చేశాక ఏమి మారుతుంది

ప్రతి మోడ్‌కూ ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. ఒక్కో జవాబు ఒకటి రెండు వాక్యాలు చాలు.

1. తెర మీద ఏమి కనిపిస్తుంది?
2. ఎప్పుడు మారుతుంది? టైపు చేసినప్పుడా, సేవ్ చేసినప్పుడా, కర్సర్ కదిలినప్పుడా?
3. ఫైలులో ఏమైనా మారుతుందా? మారకపోతే ఆ మాట స్పష్టంగా చెప్పండి.
4. ఏది చేయదు? వాడుకరి సహజంగా ఆశించేది, మీ మోడ్ ఇవ్వనిది ఏది?

మూడో ప్రశ్నకు జవాబు చాలా ప్యాకేజీల్లో ఉండదు. చివర ఉన్న ఖాళీలు తొలగించే మోడ్ ఒకటి ఆన్ చేసి, సేవ్ చేసిన ప్రతిసారీ ఫైలంతా మారిపోతుంటే నేను రెండు రోజులు తల పట్టుకున్నాను. డాక్‌స్ట్రింగ్‌లో ఆ మాట ఎక్కడా లేదు.

అక్షర-మోడ్‌కు ఇలా రాయవచ్చు:

> ఒత్తులు, గుణింతాలతో కూడిన గుంపును ఒకే అక్షరంగా లెక్కిస్తుంది. కనుక "స్త్రీ" ఒకటే. ఖాళీలు, విరామ చిహ్నాలు లెక్కలోకి రావు. కర్సర్ వేరే పేరాలోకి వెళ్లాక `అక్షర-ఆలస్యం' సెకన్లు ఆగి లెక్కను మార్చుతుంది. బఫర్‌లోని పాఠాన్ని ముట్టుకోదు. ఇంగ్లీషు పదాలను లెక్కించదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మాక్రో రాసే పేరా ఎక్కడ చొరబడుతుందన్నది వెర్షన్‌ను బట్టి మారింది. పాతవాటిలో మీ మొదటి పేరా ముగిసిన వెంటనే, కొత్తవాటిలో మీ వివరణ మొత్తం అయ్యాక వస్తుంది. అందువల్ల మీ రెండో పేరాను "ఇది", "పైన చెప్పినట్టు", "ఆ లెక్క" వంటి మాటలతో మొదలుపెట్టవద్దు. మధ్యలో యంత్రం పేరా దూరితే "ఇది" అంటే ఏదో తెలియకుండా పోతుంది. ప్రతి పేరా తన కర్తను తాను చెప్పుకోవాలి.

## 5. యంత్రం పేరాను ఆపాలంటే

కొన్నిసార్లు ఆపవలసిన కారణం నిజంగా ఉంటుంది. మీ మోడ్ ఆర్గ్యుమెంటును వేరేగా వాడుకోవచ్చు, లేదా మీ డాక్‌స్ట్రింగ్ మొత్తం తెలుగులో ఉండి మధ్యలో ఇంగ్లీషు పేరా రావడం ఇష్టం లేకపోవచ్చు.

దీనికి దారి చాలా సులువు. మాక్రో మీ డాక్‌స్ట్రింగ్‌లో ఏ-ఆర్-జి అనే మూడు పెద్ద ఇంగ్లీషు అక్షరాల పదం విడిగా ఉందా అని చూస్తుంది. ఉంటే, ఆర్గ్యుమెంటు సంగతి మీరే వివరించారని నమ్మి ఏమీ చేర్చదు. లేకపోతే చేరుస్తుంది. అంతే. వేరే స్విచ్చు ఏదీ వెతకవద్దు.

ఆ పదం పెట్టారంటే బాధ్యత కూడా మీదే. కనీసం ఈ మూడింటినీ మీ మాటల్లో చెప్పాలి:

- ఆర్గ్యుమెంటు లేకుండా వాడుకరి పిలిస్తే ఏమవుతుంది
- ధన, రుణ సంఖ్యలిస్తే ఏమవుతుంది
- లిస్ప్ కోడ్ నుంచి ఖాళీగా పిలిస్తే ఏమవుతుంది

దీనికి ఉల్టా ప్రమాదం కూడా ఉంది. పాత ప్యాకేజీలలో "ఆర్గ్యుమెంటు ఇస్తే ధనాత్మకమైనప్పుడు మాత్రమే ఆన్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. అందులోని ఏ-ఆర్-జి అన్న ఒక్క పదం వల్ల యంత్రం పేరా ఆగిపోతుంది, లిస్ప్ సంగతి ఎక్కడా లేకుండా పోతుంది. అలాంటిచోట ఆ పాత వాక్యాన్ని పూర్తిగా తుడిచేయడమే మంచి దిద్దుబాటు.

## 6. హుక్ పేజీని మీదిగా చేసుకోండి

మాక్రో హుక్‌కు డాక్యుమెంటేషన్ రాసే ముందు అప్పటికే ఏదైనా ఉందా అని చూస్తుంది. ఉంటే ముట్టుకోదు. కనుక మోడ్ నిర్వచనానికి పైన, డెఫ్‌వార్‌తో (వేరియబుల్‌ను నిర్వచించే పదంతో) అక్షర-మోడ్-హుక్‌ను ఖాళీ విలువతో, మీ సొంత డాక్‌స్ట్రింగ్‌తో నిర్వచించండి.

అందులో చెప్పవలసినది ఒక్కటే: హుక్ ఆన్‌కూ ఆఫ్‌కూ నడుస్తుంది, ఆన్ అయినప్పుడు మాత్రమే పని జరగాలంటే ఫంక్షన్‌లో అక్షర-మోడ్ వేరియబుల్‌ను పరీక్షించాలి. ఆ రెండు వాక్యాలకు ఇంత హంగామా ఎందుకని అనిపించవచ్చు. హుక్ రెండుసార్లు నడిచి అంతా తారుమారైందని అడిగేవారు మీకు ఇంకా తగల్లేదన్నమాట.

## 7. కీల పేర్లను చేత్తో రాయకండి

"కంట్రోల్-సి ఎల్ నొక్కండి" అని డాక్‌స్ట్రింగ్‌లో నేరుగా రాస్తే, వాడుకరి ఆ కీని మార్చుకున్న మరుక్షణం మీ మాట అబద్ధమవుతుంది. ఈమాక్స్‌కు దీనికి తనదైన పద్ధతి ఉంది.

- రెండు బ్యాక్‌స్లాష్‌లు, చదరపు బ్రాకెట్ లోపల ఆజ్ఞ పేరు: సహాయ బఫర్‌లో ఆ ఆజ్ఞకు ప్రస్తుతం ఉన్న కీ కనిపిస్తుంది. కీ లేకపోతే మెటా-ఎక్స్‌తో ఆజ్ఞ పేరు చూపుతుంది.
- రెండు బ్యాక్‌స్లాష్‌లు, కోణ బ్రాకెట్ల లోపల కీమ్యాప్ పేరు: ఇక్కడి నుంచి కీలను ఈ కీమ్యాప్‌లో వెతకమని చెప్పడం. తెర మీద ఏమీ కనిపించదు.
- రెండు బ్యాక్‌స్లాష్‌లు, మీసాల బ్రాకెట్ల లోపల కీమ్యాప్ పేరు: ఆ కీమ్యాప్ మొత్తం పట్టికగా వస్తుంది.

బ్యాక్‌స్లాష్ రెండుసార్లు ఎందుకంటే, లిస్ప్ స్ట్రింగ్‌లో ఒక్కటి పెడితే చదివేటప్పుడే మాయమవుతుంది. సహాయ బఫర్‌లో చదరపు బ్రాకెట్లలో ఆజ్ఞ పేరు యథాతథంగా కనిపిస్తే, ఒక బ్యాక్‌స్లాష్ తగ్గిందని అర్థం.

"ఫలానా కీమ్యాప్‌ను వాడుతుంది, కానీ అది ప్రస్తుతం నిర్వచితం కాలేదు" అన్న అర్థం వచ్చే వాక్యం కనిపిస్తే? ముందు అక్షరదోషం చూడండి, పదింట తొమ్మిదిసార్లు అదే. తర్వాత, కీమ్యాప్ ఇంకా లోడ్ కాని వేరే ఫైలులో ఉందేమో చూడండి. ఆటోలోడ్ (అవసరమైనప్పుడే ఫైలు లోడ్ అయ్యే) ఆజ్ఞల సహాయం అడిగినప్పుడు ఈమాక్స్ ఆ ఫైలును మామూలుగా లోడ్ చేసుకుంటుంది, కానీ రెండో ఫైలు సంగతి దానికి తెలియదు.

కీలకు పేరులేని ఫంక్షన్లను కట్టడం కూడా ఇక్కడే ఆపండి. కీమ్యాప్ పట్టికలో లాంబ్డాకు చూపడానికి పేరు ఉండదు, కనుక ఆ వరుస వాడుకరికి ఏమీ చెప్పదు. ఈమాక్స్ 30లో విచ్-కీ (తర్వాత నొక్కగల కీలను చూపే ప్యాకేజీ) లోపలే వచ్చేసింది, అది చూపేది కూడా ఆజ్ఞల పేర్లనే. రెండు పంక్తుల పనికైనా పేరున్న ఆజ్ఞ రాసి, దానికొక డాక్‌స్ట్రింగ్ ఇవ్వండి.

## 8. పేర్లు నొక్కదగినవిగా మార్చండి

బ్యాక్‌టిక్‌తో మొదలై అపాస్ట్రఫీతో ముగిసే పేరు సహాయ బఫర్‌లో లంకెగా మారుతుంది. ఒకే పేరుతో ఆజ్ఞా, వేరియబుల్ రెండూ ఉన్నప్పుడు, అక్షర-మోడ్‌కు ఎలాగూ ఉంటాయి కదా, పేరుకు ముందు ఇంగ్లీషులో వేరియబుల్ అనో ఫంక్షన్ అనో పదం ఉంటే ఈమాక్స్ సరైన పేజీకే తీసుకెళుతుంది. లంకె వద్దనుకుంటే పేరు ముందు ఇంగ్లీషులో సింబల్ అనే పదం పెట్టండి.

కోడ్ ఉదాహరణలోని విడి అపాస్ట్రఫీ చిక్కు పెడుతుంది. సహాయ బఫర్ దాన్ని వంపు కొటేషన్‌గా మార్చేస్తుంది, వాడుకరి దాన్ని కాపీ చేసి ఇనిట్ ఫైలులో అతికిస్తే దోషం వస్తుంది. ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఒక సమాన గుర్తు చేర్చితే అది యథాతథంగా నిలుస్తుంది. కొత్త బైట్ కంపైలర్లు దీని గురించి హెచ్చరిస్తాయి, హెచ్చరికను వినండి.

## 9. ఐచ్ఛికాల పేజీలు

డెఫ్‌కస్టమ్ (ఐచ్ఛికాన్ని నిర్వచించే మాక్రో) విషయంలో యంత్రం చాలానే చేస్తుంది. ప్రస్తుత విలువ, అసలు విలువ, కస్టమైజ్ లంకె, ఏ వెర్షన్‌లో వచ్చిందన్న సమాచారం అదే చూసుకుంటుంది. కానీ ముడిసరుకు మీరే ఇవ్వాలి.

- టైప్ కచ్చితంగా రాయండి. ఏదైనా లిస్ప్ వస్తువు అని వదిలేస్తే కస్టమైజ్‌లో ఖాళీ పెట్టె మాత్రమే వస్తుంది. ఎంపికలుగా రాసి ఒక్కోదానికి ట్యాగ్ ఇస్తే మెనూ వస్తుంది.
- ప్యాకేజీ-వెర్షన్ ఇవ్వండి.
- సంఖ్యలకు ప్రమాణం చెప్పండి. "ఆలస్యం" అంటే సెకన్లా, మిల్లీసెకన్లా?
- నిల్ (లిస్ప్‌లో ఖాళీ, లేదు అనే అర్థం) విలువ ఇస్తే ఏమవుతుందో చెప్పండి. "నాన్-నిల్ అయితే ఇలా" అని ఒకవైపే రాసి రెండోవైపు పాఠకుడి ఊహకు వదలవద్దు.
- మార్పు వెంటనే అమలవుతుందా, మోడ్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయాలా?

పాత పేరు మార్చినప్పుడు పాతదాన్ని ఊరికే తొలగించకండి. వాడుకలో లేదని ప్రకటించే మాక్రోలతో చెబితే, ఏ వెర్షన్ నుంచి, దాని బదులు ఏది వాడాలి అన్న వాక్యాన్ని సహాయ పేజీలో యంత్రమే రాస్తుంది. ఇక్కడ దాని వాక్యమే చాలు, మీరు దిద్దనక్కర్లేదు.

## 10. డాక్‌స్ట్రింగ్‌ను తెలుగులో రాయవచ్చా?

రాయవచ్చు, ఫైలు యూటీఎఫ్-8లో ఉంటే ఈమాక్స్‌కు ఏ అభ్యంతరమూ లేదు. అందరికీ పంచే ప్యాకేజీకైతే ఇంగ్లీషే వాడుక. కానీ అక్షర-మోడ్‌ను వాడేది తెలుగు రాసేవారే, వారి కోసం తెలుగులో రాస్తే తప్పేమిటి? కాకపోతే నాలుగు చిక్కులు.

పెద్ద అక్షరాలు. ఆర్గ్యుమెంటు పేర్లను డాక్‌స్ట్రింగ్‌లో పెద్ద అక్షరాలలో రాయడం ఈమాక్స్ సంప్రదాయం. తెలుగులో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు. కనుక ఆర్గ్యుమెంటు పేర్లను మాత్రం ఇంగ్లీషు లిపిలోనే ఉంచి, చుట్టూ తెలుగు వాక్యం రాయండి. పేరు వెంటనే విభక్తి ప్రత్యయాన్ని అతికించకుండా ఖాళీ వదలండి.

వెడల్పు. బైట్ కంపైలర్ 80 దగ్గర హెచ్చరిస్తుంది. అది లెక్కించేది సంకేతాలను, మన అక్షరాలను కాదు. "స్త్రీ"కి ఆరు పోతాయి. కాబట్టి తెర మీద సగానికే ముగిసినట్టు కనిపించే పంక్తికి కూడా హెచ్చరిక రావచ్చు. పంక్తులను పొట్టిగా విరవండి. 80ని పెంచే సెట్టింగ్ ఉంది కానీ, దాన్ని మీ ఇనిట్ ఫైలులో పెడితే మీ కంప్యూటర్‌లోనే నోరు మూయిస్తుంది, ఇతరుల దగ్గర కాదు.

వెతుకులాట. డాక్‌స్ట్రింగ్‌లలో వెతికే కంట్రోల్-హెచ్ డి, ఉన్న పదాలనే పట్టుకుంటుంది. తెలుగువారు కూడా సహాయంలో వెతికేటప్పుడు ఇంగ్లీషు మాటే టైపు చేస్తారు. చివర ఒక పంక్తిలో రెండు మూడు ఇంగ్లీషు కీలకపదాలు చేర్చండి.

క్రియారూపం. ఇంగ్లీషు సంప్రదాయం ఆజ్ఞార్థకం. దాన్ని అనుసరించి "చూపించు", "లెక్కించు" అని రాస్తే తెలుగులో ఎవరినో గద్దించినట్టు ఉంటుంది. "చూపుతుంది", "లెక్కిస్తుంది" అని రాయండి, ప్యాకేజీ అంతటా అదే పాటించండి. చెక్‌డాక్ (డాక్‌స్ట్రింగ్‌లను తనిఖీ చేసే సాధనం) తెలుగు క్రియల జోలికి రాదు.

యంత్రం రాసిన తెలుగు సంబంధిత సహాయం చూడాలనుంటే కంట్రోల్-హెచ్, పెద్ద ఐ నొక్కి, తెలుగు-ఐట్రాన్స్ ఇన్‌పుట్ పద్ధతి పేరు ఇవ్వండి. ఏ మీట నొక్కితే ఏ అక్షరమో చెప్పే ఆ పట్టిక, ఇన్‌పుట్ నియమాల నుంచి నేరుగా పుట్టినది. ఇక్కడ పట్టికే విషయం కనుక, మనిషి వాక్యం తక్కువైనా లోటు తెలియదు.

## 11. చెక్‌డాక్ నడపడం

రాయడం అయ్యాక మెటా-ఎక్స్ చెక్‌డాక్. రాస్తున్నంతసేపూ కావాలంటే చెక్‌డాక్-మైనర్-మోడ్. ఫ్లైమేక్ (రాస్తుండగానే తప్పులు చూపే మోడ్) ఆన్‌లో ఉంటే ఎలిస్ప్ ఫైళ్లలో అదే తనిఖీ పంక్తుల కింద గీతలుగా కనిపిస్తుంది. ప్రతి మార్పుకూ తనిఖీ జరగాలనుకుంటే చెక్‌డాక్-ఫైల్‌ను బ్యాచ్ రీతిలో నడపవచ్చు.

అది పట్టేవి: మొదటి పంక్తి పూర్తి వాక్యం కాకపోవడం, చివర విరామం లేకపోవడం, ఆర్గ్యుమెంటు ప్రస్తావన లేకపోవడం, పేరు చుట్టూ కొటేషన్లు లేకపోవడం, దోష సందేశాల చివర పూర్ణవిరామం.

అర్థాన్ని అది పట్టదు. ఆర్గ్యుమెంటు గురించి అడిగినందుకు "సంఖ్య అనేది సంఖ్య" అని రాసి నోరు మూయించినవారిని చూశాను. హెచ్చరిక పోయింది, పాఠకుడికి చేరింది సున్నా. అలా రాయడం కంటే హెచ్చరికను అలాగే ఉంచడం నిజాయితీ.

## 12. తరచూ కనిపించే లక్షణాలు, మందులు

సహాయ పేజీలో పంక్తులు మెట్లుమెట్లుగా జరిగి ఉన్నాయి. సోర్స్‌లో అందం కోసం రెండో పంక్తి నుంచి ఖాళీలు ఇచ్చారు. అవి అలాగే చూపబడతాయి. పంక్తులన్నీ ఎడమ అంచుకు జరపండి.

ఆజ్ఞకు ఆర్గ్యుమెంట్ల జాబితా గజిబిజిగా ఉంది. మాక్రోలలో, "మిగతావన్నీ" తీసుకునే ఫంక్షన్లలో ఇలా అవుతుంది. డాక్‌స్ట్రింగ్ చివర ఒక ఖాళీ పంక్తి వదిలి, చివరి పంక్తిలో కుండలీకరణంలో ఎఫ్-ఎన్ అని మొదలుపెట్టి చదవదగిన జాబితా రాయండి. సహాయ పేజీ దాన్నే చూపుతుంది.

మోడ్ పేరులో పెద్ద, చిన్న అక్షరాలు వింతగా ఉన్నాయి. మాక్రో ఈ విషయంలో మోడ్‌లైన్ లైటర్‌ను (మోడ్ ఆన్‌లో ఉందని మోడ్‌లైన్‌లో చూపే చిన్న పేరును) ఆధారం చేసుకుంటుంది. లైటర్‌లో ఎలా రాస్తే పేరులోనూ అలా వస్తుంది. లైటర్‌ను దిద్దండి.

ప్యాకేజీ వివరాల పేజీలో ఏమీ లేదు. ఫైలు తలభాగంలో కామెంటరీ విభాగం ఖాళీగా ఉంది. మూడు పేరాలు చాలు: ఏమి చేస్తుంది, ఎలా ఆన్ చేయాలి, ఒక ఉదాహరణ.

డాక్‌స్ట్రింగ్ మార్చినా సహాయం పాతదే చూపుతోంది. పాత కంపైల్ ఫైలు లోడ్ అవుతోంది. మళ్లీ బైట్ కంపైల్ చేసి, ఆటోలోడ్ ఫైలును కూడా మళ్లీ తయారుచేసి, కొత్త ఈమాక్స్‌లో చూడండి.

## 13. విడుదలకు ముందు

ఖాళీ సెట్టింగుల ఈమాక్స్‌లో ప్యాకేజీని లోడ్ చేసి, ఈ క్రమంలో నడవండి:

- [ ] ఆజ్ఞ పేజీ: మొదటి పంక్తి ఒక్కటే చదివి మోడ్ పని చెప్పగలరా?
- [ ] యంత్రం పేరా మీ పేరాలతో గొడవపడుతోందా? ఒకే విషయం రెండుసార్లు వచ్చిందా?
- [ ] వేరియబుల్ పేజీ, హుక్ పేజీ తెరిచి చూశారా?
- [ ] కంట్రోల్-హెచ్ ఎం: కీల పట్టికలో పేరులేని వరుస ఉందా?
- [ ] ఒక కీని మార్చి సహాయం మళ్లీ తెరిస్తే కొత్త కీ కనిపిస్తోందా?
- [ ] ప్రతి లంకెనూ నొక్కి చూశారా?
- [ ] కస్టమైజ్ బఫర్‌లో ఐచ్ఛికాల ట్యాగులు అర్థమవుతున్నాయా?
- [ ] బైట్ కంపైలర్, చెక్‌డాక్ రెండూ మౌనంగా ఉన్నాయా?

ఆ తర్వాత, మొదట పక్కన పెట్టుకున్న ఆ మనిషిని కూర్చోబెట్టండి. మోడ్ పేరు మాత్రమే చెప్పండి. సహాయం చదివి ఆన్ చేయమని, ఆలస్యాన్ని రెండు సెకన్లకు మార్చమని, తర్వాత ఆపమని అడగండి. మీరు నోరు మెదపవద్దు. వారు ఎక్కడ ఆగి మీ ముఖం వైపు చూస్తారో, ఏ పేజీ తెరిచి ఉండగా చూస్తారో కాగితం మీద రాసుకోండి. దిద్దవలసిన తర్వాతి డాక్‌స్ట్రింగ్ ఆ పేజీదే.